ఆనంద కుమారస్వామి

ఆనంద కెంటిష్ కుమారస్వామి (ఆగష్టు 22, 1877 - సెప్టెంబర్ 9, 1947) సుప్రసిద్ధ కళాతత్త్వవేత్త, భారతీయ శిల్పచిత్రకళల చరిత్రకారుడు. సింహళంలో జన్మించి, ఇంగ్లండులో పెరిగి, అమెరికాలో కన్నుమూసాడు. వృత్తిరీత్యా మొదట భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఇంగ్లండులోని ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమానికి, భారత సింహళ దేశాలలోని కంచరి, కమ్మరి, కంసాలి వృత్తులవారి పనితనానికి మధ్య నిలిచిన వారధిగా ఈయనను చెప్పుకోవచ్చును. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యతో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లంలోకి అనువదించినందువలన తెలుగువారికి ఈయన పేరు ప్రత్యేకంగా పరిచితం.

జననము, విద్యాభ్యాసము

కుమారస్వామి కొలంబోలో జన్మించాడు. తండ్రి సర్ ముత్తు కుమారస్వామి సింహళ తమిళుడు, న్యాయవాది, శాసనసభ సభ్యుడు. బౌద్ధ గ్రంథమైన సుత్తనిపాతమును పాళీ నుండి ఆంగ్లంలోకి అనువదించాడు. మన పల్లెల్లో నాటకంగా ఆడే హరిశ్చంద్ర కథను ఆయన 1863లోనే ఆంగ్ల నాటకంగా ప్రచురించాడు. తల్లి ఎలిజబెత్ క్లే బీబీ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు స్త్రీ. కుమారుని పేరులోని కెంటిష్ అనే మాట ఆ ప్రాంతాన్ని బట్టి వచ్చినదే. సింహళ రాజకీయాలలో పేరు గాంచిన పొన్నంబలం రామనాథన్, పొన్నంబలం అరుణాచలం ముత్తు కుమారస్వామికి మేనల్లుళ్ళు.

1879లో, బిడ్డకు రెండేళ్ళు నిండకముందే, తండ్రి మరణించాడు. అప్పటికే తల్లీబిడ్డలు ఇంగ్లండులో ఉన్నారు. తల్లి అక్కడే ఉండి కుమారుని పెంచింది. గ్లోస్టర్‌షైర్‌లోని వైక్లిఫ్ కళాశాలలో చదివి, లండన్ యూనివర్సిటీ కాలేజీ నుండి 1900లో భూగర్భ శాస్త్రము, వృక్షశాస్త్రములలో పట్టభద్రుడయ్యాడు. సింహళ భూగర్భముపై చేసిన పరిశోధనకు లండన్ విశ్వవిద్యాలయం 1906లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టమిచ్చింది.

సింహళంలో ఉద్యోగము

1902లో ఎథెల్ పార్ట్రిడ్జ్‌ను వివాహమాడి భార్యతో సింహళం చేరుకున్నాడు. అక్కడ ఖనిజ సర్వే శాఖకు తొలి డైరెక్టరుగా 1906 వరకు పనిచేసాడు. 1904లో వెలుగులోకి వచ్చిన థోరియనైట్ అనే రేడియోధార్మిక ఖనిజం చరిత్ర ఈయన సర్వేతో ముడిపడినదే. ఖనిజాల కోసం కొండలు, అడవులు, పల్లెలు తిరిగిన ఈ సంవత్సరాలే ఆయన జీవితాన్ని మలుపు తిప్పాయి. రాళ్ళ నమూనాలు సేకరించడానికి వెళ్ళిన ఊళ్ళలో ఆయన దృష్టి కొలిమి దగ్గర పని చేస్తున్నవారి వైపు మళ్ళింది. వెండి పొదిగిన ఇనుప కత్తులు, ఇత్తడి సున్నపుకాయలు, అడకత్తెరలు, దీపపు కుందెలు చేసే కుటుంబాలు ఇంకా మిగిలి ఉన్నాయి గాని, వాటిని కొనేవారు తరిగిపోతున్నారు. ఓడల మీద వచ్చిన చవక సామాను పల్లె సంతలను నింపివేసింది. ఉన్నతోద్యోగులు, జమీందారులు తమ ఇళ్ళలో విదేశీ వస్తువులుండటమే గౌరవమనుకునే రోజులవి.

ఈ స్థితికి కారణం అభిరుచి క్షీణించడం మాత్రమే అని ఆయన భావించలేదు. కాండీ రాజ్యంలో పనివారికి రాజు, దేవాలయాలు భూములిచ్చేవి. ఆ భూమి ననుభవిస్తూ కొలువు చేయడం వారి విధి. రాజుగారి పనిశాలలలో నిపుణులైన స్వర్ణకారులు, చిత్రకారులు, దంతపు పనివారు ఉండేవారు. 1815లో రాజ్యం బ్రిటిషువారి వశమైన తరువాత ఈ ఏర్పాటు క్రమంగా విచ్ఛిన్నమైంది. కొలువు పోగానే శిక్షణ పోయింది, శిక్షణ పోగానే పనితనం పోయింది. తెలుగుదేశపు పాఠకునికి ఇది కొత్త సంగతి కాదు. పశ్చిమ ప్రకాశం ప్రాంతం, అనగా మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రదేశాలు, 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. రాయలసీమ పల్లెల్లో వలెనే ఇక్కడ కూడ కమ్మరి, వడ్రంగి మొదలైన వారికి కల్లములో మేర కొలిచే ఆచారం, కొన్నిచోట్ల వృత్తి మాన్యాలు ఉండేవి. నాగలి కర్రు, బండి చక్రపు పట్టా వారి చేతి పనే. కుమారస్వామి సింహళంలో వర్ణించిన గ్రామవ్యవస్థకు దీనికి పోలిక స్పష్టం.

మరొక తెలుగు సంబంధం కూడ కలదు. కుమారస్వామి ఎక్కువగా అధ్యయనం చేసినది 18వ శతాబ్దపు కాండీ కళను. 1739 నుండి 1815 వరకు కాండీని పాలించినవారు నాయకర్ వంశస్థులు. వీరు మధుర ప్రాంతం నుండి వచ్చిన తెలుగు మూలాలు గలవారు. వీరిలో కీర్తిశ్రీ రాజసింహుడు (1747-1782) బౌద్ధ విహారాలను పునరుద్ధరించి చిత్రకారులకు, లోహకారులకు విశేషంగా పని కల్పించాడు. సింహళ కళాచరిత్రలో తెలుగు మూలాల రాజవంశానికి గల ఈ స్థానం మన పాఠ్యపుస్తకాలలో దాదాపు కానరాదు.

1905లో కాండీ ప్రాంతపు పెద్దలకు కుమారస్వామి ఒక బహిరంగ లేఖ వ్రాసి, పాత కట్టడాలను పాడుచేయవద్దనీ, దేశీయ పనివారికే పని ఇవ్వవలసిందనీ కోరాడు. పాశ్చాత్య వేషభాషలను గుడ్డిగా అనుకరించడాన్ని ఎదిరించుటకు స్థాపింపబడిన సింహళ సంఘ సంస్కరణ సమాజమునకు అధ్యక్షుడయ్యాడు. సగం ఆంగ్లేయుడు, ఇంగ్లండులోనే పెరిగినవాడు దేశీయతను బోధించడం ఆనాడు పలువురికి వింతగా తోచి ఉండాలి.

ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమముతో సంబంధము

19వ శతాబ్దపు ఇంగ్లండులో యంత్రాల తయారీ పెరిగి, చేతిపని విలువ పడిపోయినపుడు జాన్ రస్కిన్ రచనల ప్రేరణతో విలియం మోరిస్ (1834-1896) మొదలైనవారు నడిపినది ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమము. వస్తువును రూపకల్పన చేసేవాడు, తయారు చేసేవాడు ఒకరికొకరు పరాయివారు కారాదనీ, పని చేసేవానికి పనిలో ఆనందం ఉండాలనీ వీరి వాదన. ఈ ఉద్యమంలో లోహపు పనికి పేరు పొందినవాడు వాస్తుశిల్పి చార్లెస్ రాబర్ట్ ఆష్బీ. ఆయన 1888లో తూర్పు లండనులో గిల్డ్ ఆఫ్ హాండిక్రాఫ్ట్ అనే పనివారి సంఘాన్ని స్థాపించి, 1902లో దానిని చిప్పింగ్ క్యాంప్డెన్ అనే పల్లెపట్టుకు తరలించాడు. ఇక్కడి వెండి పాత్రలపై సుత్తి దెబ్బల గుర్తులను నునుపు చేయకుండా ఉంచేవారు. పలుచని తీగను వంచి చేసిన పెద్ద పిడులు, అక్కడక్కడ పొదిగిన రంగురాళ్ళు, ఎనామెల్ పని ఈ పాత్రలను గుర్తించుటకు ఆనవాళ్ళు. నేడు ఇవి పురావస్తువులుగా మిక్కిలి విలువ పలుకుతున్నవి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వీటిని చూడవచ్చును.

కుమారస్వామికి ఈ సంఘంతో బంధుత్వమే ఉంది. భార్య ఎథెల్ సోదరుడు ఫ్రెడ్ పార్ట్రిడ్జ్ ఈ గిల్డులో నగల పనివాడు. 1907లో సింహళం నుండి తిరిగి వచ్చిన దంపతులు క్యాంప్డెన్ సమీపంలోని బ్రాడ్ క్యాంప్డెన్‌లో నార్మన్ చాపెల్ అనే శిథిల ప్రార్థనాలయంలో స్థిరపడ్డారు. దానిని నివాసయోగ్యంగా తీర్చిదిద్దినవాడు ఆష్బీయే. మోరిస్ ముద్రణాలయం మూతబడిన తరువాత ఆష్బీ చేతికి వచ్చిన ముద్రణ యంత్రం అక్కడికి చేరింది. చాసర్ కవి గ్రంథాన్ని మోరిస్ అచ్చు వేసిన ఆ చేతి యంత్రం మీదనే కుమారస్వామి తన మెడీవల్ సింహళీస్ ఆర్ట్ అనే ఉద్గ్రంథాన్ని అచ్చు వేయించాడు. 1907 సెప్టెంబరులో మొదలైన పని ముగియుటకు పదిహేను నెలలు పట్టింది. ముద్రింపబడిన ప్రతులు 425 మాత్రమే.

ఈ గ్రంథంలో రాతి పని, చెక్కడపు పని, దంతపు పని, నేత, కుమ్మరి పనులతో బాటు లోహపు పనికి పెద్దపీట వేయబడింది. లోహకారుల పనిముట్లు, కులపు కట్టుబాట్లు, మైనపు అచ్చుతో విగ్రహాలు పోసే విధానం, బుద్ధ విగ్రహానికి చివరగా కన్నులు తీర్చే నేత్రోన్మీలన సంస్కారం వంటివి ఆయన స్వయంగా చూసీ, పనివారిని అడిగీ వ్రాసినవి. మైనపు పద్ధతిని మన శిల్పశాస్త్రాలు మధూచ్ఛిష్ట విధానమంటాయి. ముందు మైనముతో బొమ్మ చేసి, దానిపై మెత్తని మట్టి పూత పూసి ఆరబెట్టి, కాల్చినపుడు మైనం కరిగి బయటికి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహాన్ని పోస్తారు. అచ్చు పగులగొట్టి తీయవలసిందే కనుక ఒక అచ్చుకు ఒకే విగ్రహం. ఈ గ్రంథానికి ఎథెల్ ఛాయాచిత్రాలు తీసింది, కుట్టుపనిని గురించిన పరిశీలనలో పాలు పంచుకుంది. తరువాతి కాలంలో ఆమె ఎథెల్ మేరె అనే పేరుతో ఇంగ్లండులో చేనేతకు, ప్రకృతి రంగుల అద్దకానికి పేరెన్నికగన్నది. ఆమె కృషి భర్త కీర్తి చాటున కొంత మరుగున పడిందనే చెప్పాలి.

విచిత్రమేమంటే, కుమారస్వామి క్యాంప్డెన్ చేరిన కాలానికే ఆష్బీ గిల్డు నష్టాలలో కూరుకుపోయింది. లండనులోని లిబర్టీ కంపెనీ ఇదే తరహా వెండి సామానును యంత్రసహాయంతో చేసి చవకగా అమ్మడం ఇందుకు ఒక కారణం. 1908 నాటికి గిల్డు మూతబడింది. సింహళంలోను, ఇంగ్లండులోను ఒకే కథను ఆయన కళ్ళారా చూసాడు. 1909లో వెలువడిన ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్ అనే చిన్న పుస్తకానికి ఆష్బీ పీఠిక వ్రాసాడు. గ్రామపు పనివాడు, నగరపు శ్రేణులు, రాజాశ్రయపు శిల్పి అనే మూడు స్థితులను ఇందులో కుమారస్వామి చర్చించాడు. విశ్వకర్మ సంతతిగా చెప్పుకొనే కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, స్వర్ణకారుల సంప్రదాయ విజ్ఞానాన్ని విద్యగా గుర్తించాలని వాదించాడు.

ఈ వాదంలో లోపం లేకపోలేదు. కులవృత్తి శిక్షణకు కుటుంబమే పాఠశాల అన్న మాట నిజమే కాని, ఆ కుటుంబంలో పుట్టినవానికి వేరొక దారి లేకపోవడమూ నిజమే. పాత వ్యవస్థలోని భద్రతను చూసినంతగా అందులోని బంధనాన్ని, పేదరికాన్ని కుమారస్వామి చూడలేదని విమర్శకులు అంటారు. ఈ విమర్శ న్యాయమైనదే.

భారతదేశముతో అనుబంధము

1910 జనవరిలో లండనులోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ సభలో, మదరాసు, కలకత్తా కళాపాఠశాలల మాజీ అధ్యక్షుడు ఇ.బి.హావెల్ భారతీయ కళపై ఉపన్యసించాడు. సభాధ్యక్షుడు సర్ జార్జి బర్డ్‌వుడ్ ధ్యానముద్రలోని ఒక జావా బుద్ధ విగ్రహాన్ని కొవ్వుతో ఉడికించిన పిండివంటతో పోల్చి, భారతదేశంలో లలితకళ లేదన్నాడు. భారతీయ చేతిపనులను మెచ్చుకొని 1880లో వాటిపై ప్రామాణిక గ్రంథం వ్రాసినవాడే ఈ మాట అనడం గమనార్హం. చెంబును, శాలువాను మెచ్చినవాడు విగ్రహాన్ని మెచ్చలేకపోయాడు. ఈ వివాదం ఫలితంగా అదే సంవత్సరం ఇండియా సొసైటీ ఏర్పడింది. దాని స్థాపకులలో కుమారస్వామి ఒకడు. పాశ్చాత్యులు గీసిన లలితకళ, హస్తకళ అనే గీత భారతదేశానికి వర్తించదనీ, నటరాజ విగ్రహం పోసినవాడూ దీపపు కుందె పోసినవాడూ ఒకే విద్య నేర్చినవారేననీ ఆయన జీవితమంతా చెబుతూ వచ్చాడు.

స్వదేశీ ఉద్యమం జరుగుతున్న రోజులలో బెంగాలు వెళ్ళి ఠాగూరు కుటుంబంతో స్నేహం చేసాడు. విదేశీ వస్తువును మానినంత మాత్రాన చాలదనీ, దేశంలో తయారైనదైనా అందవికారంగా ఉంటే అది స్వదేశీ అనిపించుకోదనీ ఆయన అభిప్రాయం. ఈ వ్యాసాలు 1912లో ఆర్ట్ అండ్ స్వదేశి అనే పేరుతో వెలువడ్డాయి. 1911లో మరణించిన సోదరి నివేదిత అసంపూర్తిగా వదిలిన హిందూ, బౌద్ధ పురాణగాథల గ్రంథాన్ని పూర్తి చేసి 1913లో ప్రచురించాడు. అదే సంవత్సరం వచ్చిన ది ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఆఫ్ ఇండియా అండ్ సిలోన్ అనే గ్రంథం నేటికీ విద్యార్థులకు ఉపయోగపడేదే. పేరులోనే ఆ ఇంగ్లీషు ఉద్యమం పేరు ఉండటం గమనించదగినది.

1910-11లో అలహాబాదులో జరిగిన ప్రదర్శనలో కళావిభాగాన్ని నిర్వహించాడు. ఆ సందర్భంగాను, తరువాతి పర్యటనలలోను ఉత్తర భారతంలో తిరిగి రాజపుత్ర చిత్రాలు, కంచు విగ్రహాలు, లోహపు వస్తువులు సేకరించాడు. మొగలు చిత్రకళ నుండి రాజపుత్ర చిత్రకళను వేరుచేసి చూపిన రాజ్‌పుత్ పెయింటింగ్ అనే రెండు సంపుటాల గ్రంథం (1916) ఈ సేకరణ ఫలమే. కాశీలో జాతీయ మ్యూజియం ఒకటి నెలకొల్పితే తన సేకరణ మొత్తాన్ని దానికి ఇస్తానన్నాడు. నిధులు సమకూడలేదు, ఎవరూ ముందుకు రాలేదు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. పరాధీనంలో ఉన్న భారతీయులు బ్రిటన్ కొరకు యుద్ధం చేయనక్కరలేదని నమ్మిన కుమారస్వామి సైన్యంలో చేరుటకు నిరాకరించి, అమెరికా వెళ్ళిపోయాడు. సేకరణ ఆయనతోనే వెళ్ళింది. దానిలో అధిక భాగాన్ని డెన్మన్ రాస్ అనే దాత కొని, 1917లో బోస్టన్ లలితకళల మ్యూజియమునకు ఇచ్చాడు. దానితోపాటు కుమారస్వామి ఆ మ్యూజియంలో భారతీయ కళావిభాగపు పరిరక్షకుడుగా నియమితుడయ్యాడు. దేశానికి ఉచితంగా దక్కవలసిన సంపద ఈ విధంగా దూరమైనది. నేడు కాంగ్రా, బసోలీ చిత్రాలపై పరిశోధన చేయువారు బోస్టన్ ముఖం చూడవలసి రావడం దీని పర్యవసానమే.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యతో అనువాదము

కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889-1928) ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదువుకొనే రోజులలో కుమారస్వామితో పరిచయం కలిగింది. ఇరువురూ కలిసి అభినయదర్పణమును అనువదించారు. వారు ఆధారం చేసుకున్నది తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి. ది మిర్రర్ ఆఫ్ జెశ్చర్ అనే పేరుతో 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దీనిని ప్రచురించింది. అసంయుత, సంయుత హస్తాలు, శిరోభేదాలు, దృష్టిభేదాలు పాశ్చాత్య పాఠకులకు తెలియుటకు ఈ గ్రంథం మూలమైనది. దేవదాసీల నాట్యాన్ని చదువుకున్నవారు చిన్నచూపు చూస్తున్న కాలంలో ఈ పని జరిగిందని గుర్తుంచుకోవాలి.

స్వదేశం చేరిన గోపాలకృష్ణయ్య 1921లో చీరాల పేరాల ఉద్యమాన్ని నడిపాడు. పురపాలక పన్నులను నిరాకరించి వేలాది ప్రజలు ఊరు విడిచి, రామనగర్ పేరుతో వెలిసిన పాకలలో నెలల తరబడి నివసించారు. చీరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోనిది, 1970 నుండి 2022 వరకు ప్రకాశం జిల్లాలో ఉండి, ప్రస్తుతం బాపట్ల జిల్లాలో ఉంది. గోపాలకృష్ణయ్యకు జానపద కళలపై గల మక్కువలో కుమారస్వామి సాహచర్యపు పాలెంతో నిర్ణయించడం కష్టం గాని, ఇద్దరి దృష్టి ఒకటేనన్నది స్పష్టం.

బోస్టన్ జీవితము

బోస్టన్ మ్యూజియంలో ముప్ఫై సంవత్సరాలు పనిచేసాడు. 1918లో వెలువడిన ది డాన్స్ ఆఫ్ శివ అనే వ్యాససంపుటిలోని నటరాజ వ్యాసం, తమిళదేశపు కంచు విగ్రహాలను ప్రపంచం చూసే తీరునే మార్చివేసింది. 1927లో ప్రచురించిన భారత, ఇండొనేషియా కళల చరిత్రలో అమరావతికి సముచిత స్థానం కలదు. అదే సంవత్సరం బుద్ధ ప్రతిమ పుట్టుకపై వ్రాసిన వ్యాసంలో, బుద్ధుని విగ్రహం గ్రీకుల ప్రభావంతోనే పుట్టిందన్న వాదాన్ని ఖండించి, మధురలోని యక్ష విగ్రహాల సంప్రదాయాన్ని ఎత్తి చూపాడు. ఇక్కడి మధుర ఉత్తరాదిలోని మథుర అని గ్రహించవలెను. 1935లో బౌద్ధ ప్రతిమాశాస్త్రముపై వ్రాసిన గ్రంథంలో అమరావతి శిల్పాలలోని అగ్నిస్తంభాలను వేదవాఙ్మయపు వెలుగులో వివరించాడు. 1934 నాటి ది ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ నేచర్ ఇన్ ఆర్ట్ తరువాత ఆయన రచనలు వేదాంతము వైపు మొగ్గాయి. ఇవి కఠినమైనవి. సంస్కృతము, గ్రీకు, లాటిన్ మూలాలతో నిండిన అధోజ్ఞాపికలను దాటుకొని చదవడానికి ఓపిక కావాలి.

మ్యూజియం ఉద్యోగియై ఉండి మ్యూజియాలనే ప్రశ్నించడం ఆయన ప్రత్యేకత. అద్దాల బీరువాలో ఉన్న ప్రతి వస్తువూ ఒకప్పుడు వాడుక కొరకు చేసినదేననీ, దాని ప్రయోజనం తెలియకుండా అందాన్ని మాత్రమే మెచ్చడం సగం చూపేననీ ఆయన మతం. ఈ విషయం మనకు సులువుగానే బోధపడుతుంది. మార్కాపురం చెన్నకేశవస్వామి ఆలయం వంటి చోట్ల ఉత్సవమూర్తికి అభిషేకం జరుగుతుంది, పూలు అలంకరిస్తారు, ఊరేగిస్తారు. అటువంటి మూర్తి అలంకారం లేకుండా, దీపం ముందు లేకుండా, సంఖ్య వేసిన పీఠం మీద కనిపించినపుడు దాని నుండి ఏమి తొలగిపోయిందో చూసినవారికి చెప్పనవసరం లేదు. మార్కాపురం అనగానే గుర్తుకు వచ్చే రాతి పలకలు కూడ ఇటువంటివే. దేశమంతటా పిల్లల చేతుల్లో నలిగిన ఆ పలక, రేకు, ప్లాస్టిక్ పలకలు, కాగితపు పుస్తకాలు వచ్చిన తరువాత వాడుకలో తగ్గింది. క్యాంప్డెన్ వెండి గిన్నె వలె అదీ ఒకనాడు సంగ్రహకుల వస్తువు కావచ్చును. పలకల పరిశ్రమలో ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడిన కార్మికుల సంగతి మాత్రం బీరువాలో కనిపించదు. చేతిపనిని కీర్తించే రచనలు చదివేటపుడు ఈ రెండవ వైపును కూడ తలచుకోవడం మంచిది.

ఆంగ్ల రాతిశిల్పి, అక్షరశిల్పి ఎరిక్ గిల్‌పై కుమారస్వామి ప్రభావం అధికం. కుమారస్వామి ప్రచురించిన విశ్వకర్మ అనే చిత్రసంపుటికి పీఠిక వ్రాసినది ఆయనే.

కుటుంబము

ఎథెల్‌తో వివాహబంధం విడిపోయిన తరువాత ఆలిస్ రిచర్డ్‌సన్‌ను వివాహమాడాడు. ఆమె రతన్ దేవి అనే పేరుతో భారతీయ గీతాలు పాడి పేరు తెచ్చుకుంది. వీరికి నారద, రోహిణి అని ఇద్దరు సంతానం. తరువాత నర్తకి, చిత్రకారిణి స్టెల్లా బ్లాక్‌ను, చివరగా అర్జెంటీనాకు చెందిన లూయిసా రన్‌స్టైన్‌ను వివాహం చేసుకున్నాడు. లూయిసా కుమారుడు రామ కుమారస్వామి. చివరి సంవత్సరాల రచనలకు లూయిసా ఎంతో తోడ్పడింది.

మరణము

1947 ఆగష్టు 22న డెబ్బై ఏళ్ళు నిండాయి. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి వారం రోజులు. ఉద్యోగం వదిలి భారతదేశం చేరి, హిమాలయ ప్రాంతంలో శేషజీవితం గడపాలని నిశ్చయించుకున్నాడు. ఆ ప్రయాణం సాగలేదు. సెప్టెంబర్ 9న మసాచుసెట్స్ రాష్ట్రం నీధామ్‌లోని స్వగృహంలో మరణించాడు. ఆయన ముఖ్య వ్యాసాలను రోజర్ లిప్సీ రెండు సంపుటాలుగా కూర్చి, జీవితచరిత్రను మూడవ సంపుటిగా చేర్చి 1977లో ప్రచురించాడు. కుటుంబ పత్రాలు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. కొలంబోలో నేషనల్ ఆర్ట్ గ్యాలరీ ఉన్న వీథికి ఆనంద కుమారస్వామి మావత అని పేరు పెట్టారు.